కొత్త సంస్కృతిలో కాలు నిలదొక్కుకోవడం: విదేశంలో చదువుకునే విద్యార్థికి మార్గదర్శి

సొంత దేశం విడిచి మరో దేశంలో చదువుకుంటున్న విద్యార్థుల సంఖ్య యునెస్కో లెక్కల ప్రకారం 60 లక్షలు దాటింది. ప్రవేశాల గురించీ, ఫీజుల గురించీ, వీసా గురించీ వీరికి చెప్పేవారు కొల్లలుగా దొరుకుతారు. కానీ చేరిన మూడో వారంలో, తరగతిలో అందరూ నవ్విన మాటకు తాను ఎందుకు నవ్వలేకపోయాడో అర్థంకాక మౌనంగా గదికి తిరిగివచ్చిన విద్యార్థికి ఇక ముందు ఏం చేయాలో చెప్పేవారు అరుదు. ఆ మూడో వారానికీ, దాని తరువాత వచ్చే నెలలకూ పనికివచ్చేలా ఈ వ్యాసం రాస్తున్నాను.

కొత్త సంస్కృతికి అలవాటు పడడాన్ని చాలామంది కేవలం మనసుకు సంబంధించిన విషయంగా చూస్తారు. ముందు బెంగ తగ్గాలి, ధైర్యం రావాలి, ఆ తరువాత నలుగురిలో కలవవచ్చు అనుకుని గదిలోనే ఎదురుచూస్తారు. ఈ వరుసను తిప్పి చూడాలని నా అభిప్రాయం. అలవాటు పడడంలో ఎక్కువ భాగం ఈత లాగా నేర్చుకోవలసిన పని. దిగకుండా రాదు, దిగిన కొత్తలో నీళ్లు మింగక తప్పదు. నేర్పు పెరిగే కొద్దీ మనసు కూడా చాలావరకు కుదుటపడుతుంది.

అసలు ఏం జరుగుతుంది?

'కల్చర్ షాక్' అన్న మాటను ప్రచారంలోకి తెచ్చినవారిలో ముఖ్యుడు మానవశాస్త్రవేత్త కలెర్వో ఓబెర్గ్. 1960లో ఆయన ప్రచురించిన వ్యాసంలోని వివరణ ఇప్పటికీ పనికివస్తుంది. ఎప్పుడు కరచాలనం చేయాలి, కొత్తవారిని కలిసినప్పుడు ఏమనాలి, పిలుపును ఎప్పుడు ఒప్పుకోవాలి, ఎప్పుడు కాదనాలి, ఎదుటివారి మాటను ఎప్పుడు నిజంగా తీసుకోవాలి వంటి వందలాది చిన్న సంకేతాల మీద మనకు తెలియకుండానే మన రోజు నడుస్తుంటుంది. అవన్నీ ఒక్కసారిగా పనిచేయడం మానేసినప్పుడు కలిగే ఆందోళననే ఆయన ఆ పేరుతో పిలిచారు. చేతులు పదేపదే కడుక్కోవడం, తాగే నీటి గురించీ తిండి గురించీ అతిగా భయపడడం, చిన్న ఆలస్యానికే కోపం రావడం, సొంత దేశస్థుల మధ్యే ఉండాలనిపించడం, ఇంటి మీద విపరీతమైన బెంగ కలగడం వంటివి దాని లక్షణాలని ఆయన చెప్పారు. బయలుదేరేముందే ఈ లక్షణాలను ఒక కాగితం మీద రాసి పెట్టుకోవడం మంచిది. కారణం తెలియని చిరాకు మనిషిని కుంగదీస్తుంది. అదే చిరాకుకు పేరు తెలిసినప్పుడు దానిని కొంత దూరం నుంచి చూడగలుగుతాము.

ఈ ప్రయాణానికి ఒక క్రమం ఉంటుందని చాలాచోట్ల చదువుతాము: మొదట అంతా అందంగా కనిపించే మురిపెం, తరువాత కుంగుబాటు, ఆపైన కోలుకోవడం. దూరపు కొండలు నునుపన్నట్లు మొదలై, దగ్గరికి వెళ్లాక రాళ్లు గుచ్చుకోవడం అన్నమాట. 1955లో నార్వేకు చెందిన సామాజిక శాస్త్రవేత్త స్వెర్రే లిస్‌గార్డ్, అమెరికా వెళ్లివచ్చిన తన దేశస్థులు 200 మందిని పరిశీలించారు. అక్కడ ఆరు నెలల కంటే తక్కువ ఉన్నవారూ, ఏడాదిన్నర దాటి ఉన్నవారూ బాగానే ఇమిడిపోగా, ఈ రెంటి మధ్య కాలం ఉన్నవారికే ఎక్కువ ఇబ్బంది కలిగినట్లు ఆయనకు కనిపించింది. ఈ ఎగుడుదిగుడు గీతను పాఠ్యపుస్తకాలు చాలాకాలం సూత్రంలా వల్లించాయి. అయితే మనస్తత్వవేత్త కొలీన్ వార్డ్, ఆమె సహచరులు న్యూజిలాండ్ చేరిన జపాన్ విద్యార్థులను దిగిన మొదటి రోజు నుంచి ఏడాదిపాటు గమనించి 1998లో ప్రచురించిన పరిశోధనలో, కష్టం అన్నిటికంటే ముందు, అంటే చేరిన తొలి రోజుల్లోనే అత్యధికంగా ఉందని తేలింది. అందుచేత మొదటి వారంలోనే ఏడుపు వచ్చిందని ఎవరూ బెదరవలసిన పని లేదు, మొదటి రెండు నెలలు హాయిగా గడిచాయని ధీమాపడవలసిన పనీ లేదు.

వార్డ్ పరిశోధనల్లో విద్యార్థికి ఇంకా ఎక్కువగా ఉపయోగపడే విషయం మరొకటి ఉంది. అలవాటు పడడం అనే ఒకే మాట కింద రెండు వేర్వేరు సంగతులు ఉన్నాయని ఆమె చూపించారు. ఒకటి మానసికమైనది: దిగులు, సంతృప్తి, నిద్ర, ఉత్సాహం వంటివి. రెండోది సామాజికమైనది: బస్సు ఎక్కడం, అద్దె ఇంటి యజమానితో మాట్లాడడం, లెక్చరర్‌కు అభ్యంతరం చెప్పడం వంటి పనులను ఆ సమాజంలో చేసే తీరులో చేయగలగడం. మొదటిది వాతావరణంలా పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది. రెండోది మొదటి నాలుగు నుంచి ఆరు నెలల్లో వేగంగా పెరిగి, ఆ తరువాత నెమ్మదిస్తుంది. కాబట్టి మీ పురోగతిని మనోస్థితితో కొలవకండి. పోయిన నెల చేయలేక ఈ నెల చేయగలిగిన పనులు ఏమిటో లెక్కపెట్టుకోండి. దిగులుగా ఉన్న రోజున కూడా ఆ లెక్క పెరిగే ఉంటుంది.

మొదటి పది రోజులు

ఈ దశ గురించి ప్రతి విశ్వవిద్యాలయమూ తన సూచనలు తానే ఇస్తుంది కాబట్టి ఇక్కడ క్లుప్తంగా చెబుతాను. పాస్‌పోర్టు, వీసా, ప్రవేశ పత్రం, బీమా పత్రాల నకళ్లను కాగితం మీద ఒక చోట, ఫోన్‌లో మరొక చోట ఉంచుకోండి. అత్యవసర సేవల నంబరు, విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ విద్యార్థుల విభాగం నంబరు నోటికి వచ్చేలా చూసుకోండి. వారానికి ఎన్ని గంటలు పని చేయడానికి మీ వీసా అనుమతిస్తుందో, చిరునామా మారితే ఎవరికి ఎన్ని రోజుల్లో తెలియజేయాలో స్నేహితుల మాట మీద ఆధారపడకుండా అధికారిక నిబంధనల్లోనే చదవండి. ఇల్లు చూడకముందే అడ్వాన్సు పంపమని అడిగేవారినీ, అధికారులమంటూ ఫోన్ చేసి వెంటనే డబ్బు కట్టకపోతే దేశం నుంచి పంపించివేస్తామని బెదిరించేవారినీ నమ్మకండి. కొత్తగా వచ్చిన విద్యార్థుల భయమే ఇటువంటి మోసగాళ్లకు పెట్టుబడి. అలాంటి ఫోన్ వస్తే పెట్టేసి, విశ్వవిద్యాలయంలోనే ఒకరిని నేరుగా వెళ్లి అడగండి.

శరీరం గడియారం మారడానికి, దాటిన ఒక్కో గంట కాలభేదానికి దాదాపు ఒక రోజు చొప్పున పడుతుందని అనుకోవచ్చు. ఆ రోజుల్లో పగటి వెలుగులో తిరగడం నిద్రను సరిచేసుకోవడానికి అన్నిటికంటే సులువైన మార్గం. నిద్ర చెదిరి ఉన్నప్పుడు దేశం గురించి గానీ, మీ నిర్ణయం గురించి గానీ ఏ అభిప్రాయానికీ రాకండి.

తరగతి గదిలోని రాయని నియమాలు

విద్యార్థిని అన్నిటికంటే లోతుగా గాయపరిచేది తరగతి గదిలో ఎదురయ్యే తేడాయే అని నా నమ్మకం. ఇంటి దగ్గర బాగా చదివేవాడిగా పేరు తెచ్చుకున్న మనిషికి, వీధిలో దారి తప్పడం అవమానంగా అనిపించదు. సెమినార్‌లో మాట పెగలకపోవడం మాత్రం అతడు తన గురించి నమ్ముకున్న దానినే కదిలిస్తుంది. నిజానికి అతడి తెలివి ఎక్కడికీ పోలేదు. చదువు అంటే ఏమిటన్న విషయంలో ఆ దేశం పెట్టుకున్న ఒప్పందం వేరు. ఆ ఒప్పందాన్ని ఎవరూ పూర్తిగా రాసి ఇవ్వరు కాబట్టి అడిగి తెలుసుకోవలసి ఉంటుంది.

కొన్ని చోట్ల గురువు చెప్పినదాన్ని శ్రద్ధగా విని, తప్పు లేకుండా తిరిగి చెప్పడం మంచి విద్యార్థి లక్షణం. మరికొన్ని చోట్ల అదే పని చేసినవారికి సొంత ఆలోచన లేదనే వ్యాఖ్య వస్తుంది. అక్కడ ప్రొఫెసర్‌తో మర్యాదగా విభేదించడమే గౌరవం చూపడం. ఒక చోట మౌనం వినయానికి గుర్తు, మరో చోట తయారై రాలేదనడానికి గుర్తు. ఈ రెండు పద్ధతుల్లో ఏది గొప్పదన్న చర్చ మీకు ఇప్పుడు అవసరం లేదు. మార్కులు ఏ పద్ధతిలో వేస్తున్నారో తెలుసుకోవడం అవసరం. అందుకోసం మొదటి వారంలోనే ప్రతి కోర్సు సిలబస్ పత్రాన్ని ఆసాంతం చదివి, చర్చలో పాల్గొన్నందుకు మార్కులు ఉన్నాయా, అసైన్‌మెంట్ ఆలస్యమైతే ఏమవుతుంది, బృందంగా చేసిన పనికి మార్కులు ఎలా పంచుతారు అన్న మూడు ప్రశ్నలకు జవాబులు రాసుకోండి. జవాబు దొరకని ప్రశ్నతో ఆఫీస్ అవర్స్‌కు వెళ్లండి. ప్రొఫెసర్ విద్యార్థుల కోసం కేటాయించిన ఈ సమయాన్ని తప్పు చేసినవారిని పిలిచే వేళగా భావించి వెళ్లనివారు చాలామంది ఉన్నారు. అడగనిదే అమ్మైనా పెట్టదన్న మాట అక్కడ అక్షరాలా వర్తిస్తుంది. వెళ్లినప్పుడు 'నాకేమీ అర్థం కాలేదు' అనడం కంటే, 'ఈ పేరా వరకు ఇలా అర్థమైంది, ఇక్కడి నుంచి తెలియడం లేదు' అని చెబితే సంభాషణ త్వరగా ముందుకు సాగుతుంది.

చదవవలసిన గంటల లెక్కను కూడా ముందే చూసుకోవాలి. ఐరోపా క్రెడిట్ విధానంలో ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల పని ఉంటుంది. తరగతిలో కూర్చునే సమయం అందులో ఒక భాగం మాత్రమే. అమెరికాలో వారానికి ఒక గంట తరగతికి బయట కనీసం రెండు గంటల చదువు ఉండాలన్నది సాధారణ లెక్క. వారంలో తరగతులు తక్కువగా ఉన్నాయని సంబరపడి, మిగతా సమయమంతా పార్ట్‌టైమ్ పనికి ఇచ్చినవారు నెల తిరిగేసరికి చదవవలసిన పేజీల కింద మునిగిపోతారు.

గ్రంథచౌర్యం విషయంలో నేను ఇంకా గట్టిగా చెప్పదలచుకున్నాను, ఎందుకంటే ఇక్కడ తెలియక చేసిన తప్పుకు కూడా శిక్ష పడుతుంది. పెద్దల మాటను యథాతథంగా ఉటంకించడం గౌరవమనే సంప్రదాయంలో పెరిగిన విద్యార్థికి, మూలం పేర్కొనకుండా రెండు వాక్యాలు తీసుకోవడం దొంగతనంగా తోచకపోవచ్చు. చాలా విశ్వవిద్యాలయాల్లో మాత్రం అది తీవ్రమైన నేరం. కోర్సులో తప్పించడం నుంచి బహిష్కరణ వరకు దాని ఫలితం ఉండవచ్చు. చదువుతూ నోట్సు రాసుకునేటప్పుడే ఇతరుల వాక్యాలను ఒక రంగులోనూ, మీ మాటలను మరో రంగులోనూ రాసుకోండి, పక్కనే పుస్తకం పేరూ పేజీ సంఖ్యా వేయండి. తోటి విద్యార్థితో కలిసి చదువుకోవడానికీ, కలిసి జవాబు రాయడానికీ మధ్య గీత ఎక్కడుందో, కృత్రిమ మేధ సాధనాలను ఎంతవరకు వాడవచ్చో ప్రతి కోర్సులోనూ విడివిడిగా అడగండి. ఒక ప్రొఫెసర్ అనుమతించినదాన్ని పక్క గదిలోని ప్రొఫెసర్ నిషేధించి ఉండవచ్చు.

మాటల వెనుక మాట

అమెరికా మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ 1976లో సంస్కృతులను, అర్థం ఎక్కువగా సందర్భంలో ఉండేవీ, ఎక్కువగా మాటల్లోనే ఉండేవీ అని వేరుచేసి చూశారు. మొదటి రకంలో 'చూద్దాం' అంటే కుదరదని అందరికీ తెలుసు. ముఖం మీద 'కాదు' అనడం మోటు. రెండో రకంలో 'చూద్దాం' అంటే నిజంగానే చూస్తారు, 'కాదు' అన్న మాట ఆ ఒక్క విషయానికే పరిమితం, మనిషి మీద కోపమేమీ ఉండదు. మొదటి రకం నుంచి రెండో రకానికి వెళ్లినవారికి ఎదుటివారు కటువుగా తోస్తారు. రెండో రకం నుంచి మొదటి రకానికి వెళ్లినవారికి ఎవరూ నిజం చెప్పడం లేదనిపిస్తుంది. మొహమాటపడే స్వభావం ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. 'ఏమైనా సహాయం కావాలా' అని ఒక్కసారే అడిగే సమాజంలో, రెండోసారి అడుగుతారన్న నమ్మకంతో మొదటిసారి వద్దన్న విద్యార్థి ఏ సహాయమూ అందకుండా మిగిలిపోతాడు.

పిలుపుల సంగతీ ఇటువంటిదే. 'ఎప్పుడైనా కలుద్దాం' అన్నది చాలాచోట్ల పలకరింపులో భాగమే. ఏ రోజో, ఏ వేళకో చెప్పినప్పుడే అది పిలుపు అవుతుంది. ఈ తేడా తెలియక, ఎన్నాళ్లయినా పిలవలేదని నొచ్చుకున్నవారు ఎందరో. అనుమానం ఉన్నచోట మీరే ఒక రోజు, ఒక సమయం ప్రతిపాదించి చూడండి. అవతలివారికి నిజంగా కలవాలని ఉంటే అది వెంటనే తెలిసిపోతుంది. నిలబడే దూరాలు, చూపు కలపడం, సమయానికి ఎంత ముందుగా లేదా ఎంత వెనుకగా చేరడం మర్యాద అన్నవి మాత్రం వ్యాసాలు చదివి వచ్చేవి కావు. ఒక వారం పాటు ఇతరులు చేస్తున్నది గమనించండి, చాలు.

చాలామందికి ఉపయోగపడే ఒక అభ్యాసం ఉంది. సాంస్కృతిక శిక్షణ తరగతుల్లో దీనిని ఎంతోకాలంగా వాడుతున్నారు. మనసు నొచ్చుకున్న ప్రతి సంఘటన తరువాత, అదే రోజు రాత్రి, ఒక పుస్తకంలో మూడు భాగాలుగా రాయండి. మొదటి భాగంలో కెమెరాకు చిక్కేది మాత్రమే ఉండాలి: 'నేను గదిలోకి వచ్చాను, నా రూమ్‌మేట్ తల ఎత్తలేదు, ఇయర్‌ఫోన్లు తీయలేదు.' రెండో భాగంలో దానికి మీరు ఇచ్చుకున్న అర్థం: 'నేనంటే ఇష్టం లేదు.' మూడో భాగంలో మీకు కలిగిన భావం: 'అవమానంగా అనిపించింది.' ఇప్పుడు రెండో భాగానికి తిరిగి వెళ్లి, అదే సంఘటనకు సరిపోయే అర్థాలు ఇంకో రెండు వెతకండి. ఆ ఊళ్లో ఒకరి ఏకాంతానికి భంగం కలిగించకపోవడమే మర్యాద కావచ్చు. ఆమెకు మరునాడు పరీక్ష ఉండవచ్చు. ఏది నిజమో ఆ దేశంలో పెరిగిన ఒకరిని మరునాడు అడగండి. అడిగేటప్పుడు 'మీవాళ్లు ఎందుకిలా ఉంటారు' అనకుండా, 'ఇలా జరిగింది, ఇక్కడ దీనికి సాధారణంగా ఏమిటి అర్థం' అని అడగండి. నెల రోజులు ఇలా రాస్తే, మిమ్మల్ని బాధపెట్టిన వాటిలో అధికభాగం మొదటి భాగంలో లేవనీ, రెండో భాగంలో మీరు చేర్చినవేననీ గమనిస్తారు.

అయితే ఈ అభ్యాసానికి ఒక హద్దు ఉంది. ప్రతి అవమానమూ అపార్థం కాదు. జాతిని బట్టి, రంగును బట్టి, యాసను బట్టి, మతాన్ని బట్టి చిన్నచూపు చూసేవారు ప్రపంచంలో అన్నిచోట్లా ఉన్నారు, వారి ప్రవర్తనకు మంచి అర్థం వెతికి పెట్టే బాధ్యత మీది కాదు. అటువంటిది జరిగినప్పుడు తేదీ, స్థలం, అన్న మాటలు, చూసినవారి పేర్లు అప్పటికప్పుడు రాసి పెట్టుకుని, విద్యార్థి సంక్షేమ విభాగానికి లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయండి. అలవాటు పడమని చెప్పే సలహాలన్నీ భారాన్ని విద్యార్థి భుజాల మీదే పెడతాయన్న విమర్శ న్యాయమైనదే. అతిథిని ఇముడ్చుకోవడంలో ఆతిథ్య సమాజానికీ సంస్థకూ సగం వాటా ఉంది.

భాష

భాషా పరీక్షలో మంచి స్కోరు తెచ్చుకున్నవారు కూడా కొత్త దేశంలో నీళ్లు నమలడం సహజం. పరీక్షలో వినిపించే గొంతు ఒక్కొక్కటిగా, స్పష్టంగా మాట్లాడుతుంది. భోజనశాలలో నలుగురు ఒకేసారి, సగం వాక్యాల్లో, మీరు చూడని టీవీ కార్యక్రమాల ప్రస్తావనలతో మాట్లాడతారు. కెనడాకు చెందిన భాషావేత్త జిమ్ కమిన్స్, వలస కుటుంబాల పిల్లలను పరిశీలించి, రోజువారీ సంభాషణకు దాదాపు రెండేళ్లు, చదువుకు కావలసిన భాషకు ఐదు నుంచి ఏడేళ్లు పట్టవచ్చని చెప్పారు. ఆ లెక్క పిల్లలది గనుక పెద్దలకు యథాతథంగా సరిపోదు. అయినా మాట్లాడే భాష, చదివే భాష రెండూ వేర్వేరు నైపుణ్యాలనీ, ఒకటి వచ్చినంత మాత్రాన రెండోది రాదనీ ఆయన చూపించిన విషయం ఇక్కడా నిజమే. సెమినార్ వ్యాసం చక్కగా రాసి, దుకాణంలో తడబడే విద్యార్థికి తన మీద తనకు అనుమానం రానక్కరలేదు.

రోజంతా పరాయి భాష వినడం వల్ల సాయంత్రానికి తల బరువెక్కుతుంది. అది శ్రమ ఫలితం కాబట్టి ఆ గంటలో విశ్రాంతి తీసుకోండి, ముఖ్యమైన ఫోన్లు, ఫారాలు ఉదయానికి ఉంచుకోండి. అర్థంకానప్పుడు తల ఊపి ఊరుకోవడం మాత్రం మానండి. ఒకసారి ఊపిన తల తరువాత పది అపార్థాలకు దారితీస్తుంది. 'మీరు చెప్పింది నేను ఇలా అర్థం చేసుకున్నాను, సరైనదేనా' అన్న ఒక్క వాక్యాన్ని ఆ భాషలో తడుముకోకుండా వచ్చేవరకు సాధన చేయండి. యాసను మార్చుకోవలసిన అవసరం లేదు. కొంచెం నెమ్మదిగా, వాక్యం చివరి వరకు వినిపించేలా మాట్లాడితే చాలు. చదువు ఒక భాషలో, వీధి మరో భాషలో నడిచే దేశానికి వెళ్లినవారు వీధి భాషను పక్కన పెట్టడం పెద్ద పొరపాటు. అంకెలు, పలకరింపులు, దారి అడగడం, క్షమాపణ చెప్పడం, ఇంత వచ్చినా చుట్టుపక్కల వారి ముఖాలు విచ్చుకుంటాయి.

ఎవరితో స్నేహం?

సొంత దేశస్థులతోనే తిరిగితే అలవాటు పడరని కొందరు, వారు లేకపోతే బతకలేరని కొందరు సలహా ఇస్తారు. 1977లో స్టీఫెన్ బోక్నర్, ఆయన సహచరులు విదేశీ విద్యార్థుల స్నేహాలను పరిశీలించి, వాటిలో మూడు వలయాలు ఉంటాయనీ, ఒక్కో వలయం ఒక్కో అవసరాన్ని తీరుస్తుందనీ వివరించారు. సొంత దేశస్థులతో మాతృభాషలో మనసు విప్పుకుంటాము, మన పద్ధతులను నిలుపుకుంటాము. ఆతిథ్య దేశస్థుల వల్ల చదువు, పని, అధికారిక వ్యవహారాలు సాగుతాయి. ఇతర దేశాల నుంచి వచ్చిన విద్యార్థులతో కాలక్షేపం, పరస్పర సానుభూతి దొరుకుతాయి. ఈ మూడింటిలో మధ్యదే అన్నిటికంటే కష్టంగా ఏర్పడుతుంది, ఎందుకంటే ఆ దేశంలో పెరిగినవారికి స్నేహితులు ముందే ఉన్నారు. కొత్తవారి అవసరం వారికి తక్కువ. వారు ముందుకు రాకపోవడంలో ద్వేషం లేకపోవచ్చు, తీరిక మాత్రమే లేకపోవచ్చు.

అందుచేత పరిచయం చేసుకోవడానికి ఒక్కసారి జరిగే పెద్ద వేడుకల కంటే, వారం వారం ఒకే మనుషులు ఒకే చోట కలిసే చిన్న కార్యక్రమాలను ఎంచుకోండి. గాయక బృందం, ఆటల జట్టు, సేవా కార్యక్రమం, ప్రయోగశాలలో పని, ఏదైనా సరే. స్వాగత సభలో యాభైమందితో చేతులు కలిపిన విద్యార్థికి నెల తరువాత ఒక్కరి పేరు కూడా గుర్తుండదు, అదే ప్రతి మంగళవారం ఎనిమిదిమందితో కలిసి ఒక పని చేసినవారికి మాటలు వాటంతట అవే పుడతాయి. చేతిలో పని ఉన్నప్పుడు భాషలోని లోటు కూడా అంతగా అడ్డురాదు. ఒక కార్యక్రమంలో చేరాక నచ్చలేదని రెండోవారమే మానకండి, కనీసం ఆరు వారాలు వెళ్లండి.

సొంత దేశస్థుల సహవాసం మానమని నేను చెప్పను. మీకంటే ఏడాది ముందు వచ్చినవారు ఇచ్చే సమాచారం ఏ పుస్తకంలోనూ దొరకదు. కానీ ఆ గుంపు కూర్చున్న ప్రతిసారీ ఆతిథ్య దేశాన్ని తిట్టుకోవడమే జరుగుతుంటే, అక్కడ గడిపే గంటలు తగ్గించుకోండి. ఫిర్యాదు చేసుకుంటే కొద్దిసేపు మనసు తేలికవుతుంది, మరునాడు బయటికి వెళ్లడం మరింత బరువవుతుంది. ఇంటికి ఫోన్ చేయడంలోనూ ఇటువంటి నియమం అవసరం. గంటగంటకూ సందేశాలు పంపుకోవడం కంటే, నిర్ణయించుకున్న రోజుల్లో నిర్ణయించుకున్న సమయానికి తీరుబడిగా మాట్లాడడం ఇరువైపులా ప్రశాంతతనిస్తుంది. కష్టాన్ని దాచి అంతా బాగుందని చెబుతూ పోతే, నిజంగా అవసరం వచ్చిన రోజున ఇంట్లోవారికి ఏం జరిగిందో అర్థం కాదు. మంచీ చెడూ రెండూ కొద్దికొద్దిగా మొదటి నుంచే చెప్పండి.

ఎంత మారాలి?

ఈ ప్రశ్న ప్రతి విద్యార్థినీ ఎప్పుడో ఒకప్పుడు నిలదీస్తుంది. మనస్తత్వవేత్త జాన్ బెర్రీ దీనిని రెండు ప్రశ్నలుగా విడదీశారు: మన సంస్కృతిని నిలుపుకోవాలా, కొత్త సమాజంతో కలవాలా? రెండింటికీ అవునన్నవారు, అంటే తమది విడువకుండానే కొత్తదానిలో పాల్గొన్నవారు, సాధారణంగా మిగతావారికంటే కుదురుగా ఉంటారని ఆయనా ఇతరులూ చేసిన పరిశోధనలు చెబుతున్నాయి. తామరాకు మీద నీటిబొట్టులా దేనికీ అంటకుండా ఉండిపోయేవారు, రెంటికీ దూరమైనవారు ఎక్కువ ఇబ్బంది పడతారు. ఆచరణలో ఇది నైపుణ్యాలకూ విలువలకూ మధ్య గీత గీసుకోవడంతో మొదలవుతుంది. వరుసలో నిలబడే పద్ధతి, ఈమెయిల్ రాసే తీరు, పేరు పెట్టి పిలవడం వంటివి నైపుణ్యాలు. వాటిని ఆ దేశంలో ఉన్నంతకాలం అక్కడివారిలా చేస్తే మీరు పోగొట్టుకునేదేమీ లేదు. తినకూడదనుకున్నది తినకపోవడం, తాగకపోవడం, ప్రార్థన, కుటుంబం పట్ల బాధ్యత వంటివి విలువలు. వాటి విషయంలో క్షమాపణ ధోరణి లేకుండా ఒక్క వాక్యంలో 'నేను తీసుకోను, మీరు కానివ్వండి' అని చెప్పి, అదే బల్ల దగ్గర కూర్చోండి. లేచి వెళ్లిపోవడం కంటే ఇది ఎంతో మేలు. ఏది నైపుణ్యమో ఏది విలువో ముందే ఏకాంతంలో తేల్చుకోండి. నలుగురి మధ్య ఒత్తిడిలో ఆ నిర్ణయం సరిగా రాదు.

దిగులు హద్దు దాటినప్పుడు

పగటి వెలుగు తక్కువగా ఉండే ప్రాంతాల్లో శీతకాలపు నెలల్లో కొందరికి దిగులు ముదురుతుంది. 1984లో నార్మన్ రోసెంథాల్, ఆయన సహచరులు దీనిని ఒక వైద్య సమస్యగా వర్ణించారు. ఉదయం పూట బయట నడవడం అందరికీ మేలు చేస్తుంది, కొందరికి వైద్యుల సలహాతో వెలుగు చికిత్స అవసరమవుతుంది. ఇంతకు ముందు చెప్పిన బెంగ ఏదైనా వస్తూ పోతూ ఉంటుంది. అలా కాకుండా రెండు వారాల పాటు దాదాపు ప్రతి రోజూ దిగులు వదలకపోయినా, ఇష్టమైన పనులు కూడా రుచించకపోయినా, నిద్ర, ఆకలి తప్పినా, దానిని కొత్త ఊరి కష్టంగా కొట్టిపారేయకుండా విశ్వవిద్యాలయ కౌన్సిలర్‌నో వైద్యుడినో కలవండి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగనక్కరలేదు, అదే క్షణంలో అత్యవసర సేవకు ఫోన్ చేయండి, ఆ సమయంలో ఒంటరిగా ఉండకండి. కౌన్సిలర్ దగ్గరికి వెళితే వీసాకు ఇబ్బంది వస్తుందనో, ఇంట్లో తెలిసిపోతుందనో భయపడి చాలామంది వెనకాడతారు. మాట్లాడిన విషయాలు ఎవరికి తెలుస్తాయి, ఏ పరిస్థితిలో తెలుస్తాయి అన్నది మొదటి సమావేశంలోనే ఆ కౌన్సిలర్‌ను నేరుగా అడగవచ్చు. అలా అడగడం మీ హక్కు.

తిరుగు ప్రయాణం

కొత్త దేశానికి అలవాటు పడినవారు ఇంటికి వచ్చాక మరోసారి అదే దశలు దాటవలసి రావచ్చు. 1963లో జాన్ గల్లహార్న్, జీన్ గల్లహార్న్ దంపతులు ఈ విషయాన్ని గుర్తించి, లిస్‌గార్డ్ గీతకు రెండో ఎగుడుదిగుడును జోడించారు. పరాయి దేశంలో తెలియనితనాన్ని అందరూ మన్నిస్తారు, సొంత ఊళ్లో మాత్రం మారిన మాటతీరును ఎవరూ ఊహించి ఉండరు. చెప్పాలనుకున్న అనుభవాలు కొండంత ఉంటాయి, వినేవారి ఓపిక పది నిమిషాలకే తీరిపోతుంది. కాబట్టి బయలుదేరడానికి నెల ముందు నుంచే, మూడు భాగాలుగా రాసుకున్న ఆ పుస్తకాన్ని మళ్లీ తెరిచి, మొదటి వారాల పేజీలు చదవండి. వీడ్కోలు చెప్పవలసిన మనుషుల పేర్లూ, చివరిసారి వెళ్లవలసిన చోట్లూ రాసుకుని, ఒక్కొక్కరినీ విడిగా కలవండి. ఇల్లు చేరాక మొదటి నెలలో కలిగే చిరాకును కూడా అదే పుస్తకంలో, అవే మూడు భాగాలుగా రాయండి. మిగిలిన ఖాళీ పేజీలను అందుకోసమే ఉంచుకోండి.